కరెంటు మాండలిన్‌కు దొరికిన గమకం

ఊత్తంగరై వైపు తెలుగు ఇళ్లలో ఆంప్లిఫయర్ అంటే ముందు గుర్తొచ్చేది తిరునాళ్ల మైకుసెట్టు. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే పాట పగిలి గరగరమంటుంది. గిటారువాళ్లు ఆ గరగరనే కోరి తెచ్చుకున్నారు. 1958లో ‘రంబుల్’ అనే బాణీ కోసం అమెరికా గిటారిస్టు లింక్ రే స్పీకరుకు చిల్లులు పొడిచాడు. 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ మొదలుపెట్టిన ఆంప్లిఫయర్లు ఆ మోతను రాక్ సంగీతానికి గొంతుగా చేశాయి.

అదే ఆంప్లిఫయర్ పాలకొల్లు బాలుడికి ఇంకో పనికి వచ్చింది.

1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్ననాడే మాండలిన్ పట్టారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు. మామూలు మాండలిన్‌కు జంటజంటగా ఎనిమిది తీగలు. మీటగానే ఖంగున పలికి, అంతలోనే ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో తోడి రాగపు గాంధారం అలా ఆరిపోతే కుదరదు. అది ఊగుతూ నిలవాలి; ఆ ఊపే గమకం. శ్రీనివాస్ జంటలు తీసేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నారు. తీగ కింది అయస్కాంతం, దాని చుట్టూ చుట్టిన సన్నని రాగితీగ మీటిన తీగ కదలికను కరెంటుగా మారుస్తాయి. తీగ సద్దుమణుగుతున్నా ఆంప్లిఫయర్ ఆ చివరి ఊగును వినిపిస్తుంది.

ఇక్కడే తేట నాదానికీ పగిలిన నాదానికీ తేడా తెలుస్తుంది. లోపలికొచ్చే సంకేతాన్ని పెంచే గెయిన్‌ను తగ్గించి, వాల్యూమ్‌తో బలం ఇస్తే మీటు మీటుగా, జారు జారుగా తేటగా వినిపిస్తాయి. గెయిన్ పెంచితే సర్క్యూట్ మోయలేని అల శిఖరాలు తెగిపోయి కొత్త అనుస్వరాలు పుడతాయి. స్వరం ఎక్కువసేపు నిలిచినా, వేలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు ఆ మోతలో కలిసిపోతాయి. గమకమే ప్రాణమైన సంగీతానికి తేట నాదమే తగింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన ఆ బాలుడు 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం దాకా వెళ్లాడు. 1995లో కెనడా గిటారిస్టు మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ ఆల్బమ్ చేశారు. తర్వాత ‘రిమెంబర్ శక్తి’ బృందం వేదికలపై గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చున్నారు. 1970లలో మహావిష్ణు ఆర్కెస్ట్రాలో పగిలిన గిటారు మోతతో లోకాన్ని ఊపిన మనిషే ఆ మెక్‌లాఫ్లిన్.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ కన్నుమూశారు. అన్న దగ్గర నేర్చుకున్న తమ్ముడు రాజేశ్ అదే వాద్యంతో కచేరీలు చేస్తున్నారు.