తాళంచెవి లోపల, మనిషి బయట

గాలికి తలుపు మూసుకుంటే చాలు, నైట్‌లాచ్ తాళం దానంతటదే పడిపోతుంది. అటువంటప్పుడు ముందుగా గమనించవలసినది లోపల పసిపిల్లలు గాని, మంచంపట్టిన వృద్ధులు గాని ఉన్నారా, పొయ్యి వెలుగుతున్నదా అన్న విషయమే. ఉన్నట్లయితే జాప్యం చేయక 112కు గాని, అగ్నిమాపక కేంద్రానికి 101కు గాని ఫోన్ చేయాలి. గ్యాస్ వాసన వస్తుంటే కాలింగ్ బెల్ నొక్కరాదు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వ సైతం మంట రేపగలదు. గ్యాస్ లీకేజీ ఫిర్యాదులకు 1906 నంబరు ప్రత్యేకంగా ఉంది. ఈ ప్రమాదాలేవీ లేనప్పుడు తొందర అనవసరం. పై అంతస్తు బాల్కనీ నుంచి దిగే సాహసం అసలే కూడదు. పోయేది తాళమే కదా! తాళాలు బాగుచేసే వ్యక్తిని పిలిచి, కూలి ముందే మాట్లాడుకుని, పని ముగిసేవరకు పక్కనే ఉండాలి. మారుచెవిని పూలకుండీ కింద కాక, నమ్మకమైన పొరుగింట ఉంచడం మేలు.