ఇన్ని బటన్లు ఎందుకురా? - వీడియో గేమ్ కంట్రోలర్ల కథ

మనలో చాలామంది ఇళ్ళల్లో జరిగేదే ఇది. అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండిపోదామని వస్తారు. మొదటి నెల నయాగరా, వాషింగ్టన్ చూడటంతో గడిచిపోతుంది. మంచు మొదలయ్యాక ఇల్లు కదలడానికి ఉండదు. మనం ఆఫీసుకి, పిల్లలు స్కూలుకి. సాయంత్రం పిల్లలు ఇంటికొచ్చినా టీవీ ముందు వీడియో గేమ్ పట్టుకుని కూర్చుంటారు. పెద్దవాళ్ళు పక్క సోఫాలో కూర్చుని, అర్థం కాకపోయినా చూస్తూ ఉంటారు.

2007 చలికాలంలో మా నాన్నగారు వచ్చినప్పుడు, ఎనిమిదేళ్ళ మా అబ్బాయి "తాతా, నువ్వు కూడా ఆడు" అని కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇన్ని బటన్లు ఎందుకురా దీనికి?" అని నవ్వుతూ తిరిగి ఇచ్చేశారు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషికి తెలివి తక్కువా? కానే కాదు. వారం తిరక్కుండానే ఒక మిత్రుడి ఇంట్లో నింటెండో వీ మీద బౌలింగ్ ఆడటం మొదలుపెట్టి, భోజనానికి పిలిచినా లేవలేదాయన!

మనిషి ఒకరే, మారింది చేతిలోని వస్తువు. వీడియో గేముల ప్రపంచంలో ఎప్పటినుంచో నడుస్తున్న క్యాజువల్, హార్డ్‌కోర్ తగాదాకి మూలం చాలావరకు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఎవరు క్యాజువల్, ఎవరు హార్డ్‌కోర్?

మన వాళ్ళు శని, ఆదివారాల్లో ఆడే క్రికెట్‌నే తీసుకోండి. టెన్నిస్ బంతితో పార్కులో సరదాగా ఆడేవాళ్ళు కొందరు. ప్యాడ్లు, హెల్మెట్ పెట్టుకుని లెదర్ బంతితో లీగ్ మ్యాచ్‌లు ఆడేవాళ్ళు మరికొందరు. ఇద్దరికీ ఆట మీద ఇష్టమే, కాకపోతే ఆట నుంచి కోరుకునేది వేరు.

వీడియో గేముల్లోనూ అంతే. అరగంట తీరిక దొరికితే, మాన్యువల్ చదవకుండా, నలుగురితో నవ్వుకుంటూ ఆడాలనుకునేవారు క్యాజువల్. ఒకే ఆట మీద వందల గంటలు పెట్టి, వేలి కదలిక ప్రతిదీ ఖచ్చితంగా తెర మీద కనపడాలని కోరుకునేవారు హార్డ్‌కోర్. ఆట తయారుచేసేవాడికి మాత్రం ఇద్దరినీ ఒకే కంట్రోలర్‌తో మెప్పించడం కత్తి మీద సాము.

ఒక్క బటన్ నుంచి డజను దాకా

1977లో వచ్చిన అటారీ 2600 కంట్రోలర్ ఒక కర్ర, ఒక బటన్. అంతే. చూడగానే ఏం చెయ్యాలో తెలిసిపోయేది. 1982లో నింటెండో ఇంజనీరు గున్‌పే యోకోయ్ "గేమ్ అండ్ వాచ్" చేతి ఆట కోసం కూడిక గుర్తు ఆకారంలో నాలుగు దిక్కుల బటన్ తయారుచేశాడు. అదే డి-ప్యాడ్. 1983లో జపాన్‌లోనూ, 1985లో అమెరికాలోనూ వచ్చిన నింటెండో కన్సోల్‌కి ఈ డి-ప్యాడ్‌తో పాటు ఆటలో వాడే బటన్లు రెండే, ఏ, బీ. 1990 నాటి సూపర్ నింటెండోకి ఆ రెండూ నాలుగయ్యాయి, పైన భుజాల మీద మరో రెండు చేరాయి.

అసలు మలుపు 1996లో వచ్చింది. నింటెండో 64 మీద "సూపర్ మారియో 64"తో మారియో త్రీడీ లోకంలోకి అడుగుపెట్టాడు. నాలుగు దిక్కులు చాలవు కాబట్టి, ఎటు కావాలంటే అటు వంగే అనలాగ్ స్టిక్ కావాల్సి వచ్చింది. 1997లో సోనీ డ్యూయల్‌షాక్‌తో రెండు స్టిక్‌లు ఇచ్చింది. లెక్కపెట్టి చూడండి: ముందు నాలుగు, భుజాల మీద నాలుగు, స్టిక్‌లని నొక్కితే రెండు, స్టార్ట్, సెలెక్ట్. డి-ప్యాడ్ కాకుండానే డజను!

రెండు స్టిక్‌లు ఎందుకంటే, ఎడమ బొటనవేలు మనిషిని నడిపిస్తుంది, కుడి బొటనవేలు అతని చూపుని తిప్పుతుంది. నిజ జీవితంలో మన కాళ్ళూ మెడా ఆలోచించకుండా చేసే పనిని ఇక్కడ రెండు వేళ్ళు కలిసి చెయ్యాలి. చిన్నప్పటి నుంచి అలవాటైనవాడికి ఇది క్లచ్, గేరు లాంటిది, ఉందన్న ధ్యాసే ఉండదు. కొత్తవాడు మాత్రం పది నిమిషాలు గోడకేసి గుద్దుకుని, ఆకాశం వైపు చూస్తూ నిలబడిపోతాడు. ఆట కష్టమై కాదు, ఆట దాకా వెళ్ళే దారే కష్టమై.

నింటెండో జూదం

ఈ శతాబ్దం మొదట్లో నింటెండో పరిస్థితి ఏమంత బాగాలేదు. నింటెండో 64 మొత్తం మీద 3 కోట్ల 29 లక్షలు అమ్ముడైతే, 2001లో వచ్చిన గేమ్‌క్యూబ్ 2 కోట్ల 17 లక్షల దగ్గరే ఆగిపోయింది. సోనీ ప్లేస్టేషన్ 2 చివరికి 15 కోట్లు దాటింది. 2002లో అధ్యక్షుడైన సతోరు ఇవాటా, ఉన్న ఆటగాళ్ళ కోసం పోటీ పడే బదులు అసలు ఆడనివాళ్ళని ఆటలోకి తేవాలని నిశ్చయించాడు. 2004లో వేలితో తాకి ఆడే డీఎస్ ఆ దారిలో మొదటి అడుగు.

2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో ఆయన కొత్త కన్సోల్ కంట్రోలర్ చూపించాడు. అచ్చం టీవీ రిమోట్! ప్రతి ఇంట్లోనూ అందరూ జంకు లేకుండా పట్టుకునే వస్తువు అదే కదా. లోపల చేతి కదలికని పసిగట్టే యాక్సెలరోమీటర్, ముందు కొసన ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉన్నాయి. టీవీ మీద పెట్టే "సెన్సర్ బార్" నిజానికి ఏదీ సెన్స్ చెయ్యదు. అందులో ఉన్నవి ఇన్‌ఫ్రారెడ్ దీపాలే. వాటిని చూసేది రిమోట్.

2006 నవంబరులో వీ అమెరికాలో 250 డాలర్లకి వచ్చింది, పెట్టెలోనే "వీ స్పోర్ట్స్" ఆట ఉచితం. అదే వారంలో వచ్చిన ప్లేస్టేషన్ 3 ధర 500, 600 డాలర్లు. వీ మొత్తం మీద 10 కోట్ల 16 లక్షలు అమ్ముడైంది. మరి హార్డ్‌కోర్ వర్గం? బొమ్మ హై డెఫినిషన్ కాదన్నారు, చేతి కదలిక ఖచ్చితంగా రావడం లేదన్నారు. రెండూ నిజమే. 2009లో గైరోస్కోప్ ఉన్న మోషన్ ప్లస్ తగిలించాకే కదలిక మెరుగుపడింది. 2008లో వచ్చిన "సూపర్ స్మాష్ బ్రదర్స్ బ్రాల్" మాత్రం తెలివైన పని చేసింది. రిమోట్‌ని అడ్డంగా పట్టుకుని, నన్‌చక్ తగిలించి, క్లాసిక్ కంట్రోలర్‌తో, లేదా పాత గేమ్‌క్యూబ్ కంట్రోలర్‌తో, ఇలా నాలుగు రకాలుగా ఆడనిచ్చింది.

అందరూ అదే బాట, అందరికీ అదే ఫలితమా?

2010లో సోనీ "మూవ్" తెచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇంకో అడుగు ముందుకేసి, అసలు కంట్రోలరే అక్కర్లేదంటూ "కినెక్ట్" తెచ్చింది. మొదటి 60 రోజుల్లో 80 లక్షలు అమ్మింది. ఆ ఊపులో 2013లో ఎక్స్‌బాక్స్ వన్‌ని కినెక్ట్‌తో కలిపి 500 డాలర్లకి పెట్టింది. ప్లేస్టేషన్ 4 మాత్రం 400 డాలర్లే. వాడని కెమెరాకి వంద డాలర్లు ఎందుకన్నారు ఆటగాళ్ళు. 2014 జూన్‌లో కినెక్ట్ లేకుండా అమ్మక తప్పలేదు. 2017లో దాని తయారీయే ఆపేశారు.

నింటెండోకీ ఎదురుదెబ్బ తగిలింది. 2012లో తెర ఉన్న పెద్ద కంట్రోలర్‌తో వచ్చిన వీ యూ 1 కోటి 35 లక్షల దగ్గరే ఆగింది. అది కొత్తవాళ్ళకి గజిబిజిగా కనిపించింది, పాతవాళ్ళకి అవసరం అనిపించలేదు. ఈలోగా 2007లో ఐఫోన్, 2008లో యాప్ స్టోర్ వచ్చి, అరగంట ఆటగాళ్ళని జేబులోకి లాగేసుకున్నాయి. మా ఇంట్లో వీ మీద కూడా రెండేళ్ళకే దుమ్ము పడింది. సులువైన కంట్రోలర్ మనిషిని ఇంట్లోకి పిలుస్తుంది, నిజమే. లోపల కూర్చోబెట్టాల్సింది మాత్రం ఆటే.

2017లో వచ్చిన స్విచ్ ఈ పాఠం నేర్చుకున్నట్టుంది. రెండు చిన్న జాయ్-కాన్లు కలిపితే పూర్తి కంట్రోలర్, విడదీస్తే ఇద్దరికి చెరొకటి. తృప్తి లేనివాళ్ళకి విడిగా ప్రో కంట్రోలర్. అది 15 కోట్లు దాటింది. ఒకే పెట్టెలో రెండు గుమ్మాలు అన్నమాట. మైక్రోసాఫ్ట్ కూడా ఒకవైపు 2015లో ఆరితేరినవాళ్ళ కోసం ఎలీట్ కంట్రోలర్, మరోవైపు 2018లో వైకల్యం ఉన్నవారి కోసం పెద్ద పెద్ద బటన్ల అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. సోనీ 2023లో యాక్సెస్ కంట్రోలర్ తెచ్చింది.

కొనేముందు నాలుగు మాటలు

1. ఇంట్లో ఆటకి అందరికంటే కొత్త ఎవరో ముందు ఆలోచించండి. పిల్లలు ఏ కంట్రోలర్ అయినా నేర్చుకుంటారు. పెద్దవాళ్ళకి మొదటి ఐదు నిమిషాలే కీలకం.

2. పెద్దవాళ్ళకి మొదటి రోజే రెండు స్టిక్‌ల ఆట పెట్టకండి. బౌలింగ్, టెన్నిస్ లాంటివాటితో మొదలుపెట్టండి. స్విచ్‌కి 2022లో వచ్చిన "నింటెండో స్విచ్ స్పోర్ట్స్"లో రెండూ ఉన్నాయి. మణికట్టు పట్టీ తప్పకుండా వేయించండి.

3. సహాయక సదుపాయాలు వెతకండి. "మారియో కార్ట్ 8 డీలక్స్"లో స్మార్ట్ స్టీరింగ్ పెడితే బండి రోడ్డు దిగదు, విడిగా ఉన్న ఇంకో సదుపాయం పెడితే యాక్సిలరేటర్ కూడా దానంతట అదే నొక్కుకుంటుంది.

4. రెండు కంట్రోలర్లు కలిపి ఒకే ఆటగాడిని నడిపించే వీలుంది. ఎక్స్‌బాక్స్‌లో 2017లో కోపైలట్ పేరుతో వచ్చింది, ప్లేస్టేషన్ 5లో 2023లో వచ్చింది. తాత నడిపితే మనవడు చూపు తిప్పవచ్చు. నా దృష్టిలో వీటన్నిటిలోకీ మేలైన సదుపాయం ఇదే.

ఆ చలికాలం సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. మా అబ్బాయి తెలుగు అప్పటికి అంతంత మాత్రం. నాన్నగారి ఇంగ్లీషు వాడికి సగమే అర్థమయ్యేది. మేమూ ఒక వీ కొన్నాక, రోజూ సాయంత్రం ఇద్దరూ బౌలింగ్ ఆడుతూ ఒకరినొకరు వెక్కిరించుకునేవారు. "పడింది", "మిగిలింది", "ఇంకొక్కటి", "దొంగాట" అనే మాటలు వాడికి అలా వచ్చినవే. ఇప్పుడు వాడు ఉద్యోగం చేసుకుంటూ పెద్ద పెద్ద ఆటలన్నీ రెండు స్టిక్‌లతోనే ఆడతాడు, హార్డ్‌కోర్ అనిపించుకుంటాడు. ఇండియాకి ఫోన్ చేసినప్పుడు మాత్రం తాతని అడిగే మొదటి మాట బౌలింగ్ స్కోరు గురించే.

ఈసారి మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు, వాళ్ళ చేతిలో ఏం పెట్టాలో ఒక్క నిమిషం ఆలోచించండి మరి!