పగటి కునుకు

రంగి మా ఇంటికి వచ్చినప్పుడు నా చూపుడు వేలంత ఉంది. అట్టపెట్టె మూత తీయగానే ఒక కన్ను మా అమ్మాయి మీద, రెండో కన్ను నా మీద పెట్టింది. రెండూ ఒకేసారి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మూడో అంతస్తు అపార్ట్‌మెంట్ మాది. కుక్కను తెచ్చుకుందామంటే నెలనెలా అదనపు అద్దె. ఊసరవెల్లికి అద్దె లేదు, అరుపు లేదు, బొచ్చు రాలదు. అలా వచ్చింది.

తొమ్మిది నెలలు ఉంది. సరిగ్గా చూసుకుంటే ఆడ ఊసరవెల్లి ఐదేళ్ళ దాకా బతుకుతుందని నాకు ఆ తొమ్మిది నెలలూ గడిచాకే తెలిసింది.

వెయిల్డ్ ఊసరవెల్లి అంటారు ఈ జాతిని. నెత్తిన గోపురంలా లేచిన కిరీటం ఉంటుంది. స్వస్థలం యెమెన్ కొండలు, వాటినానుకున్న సౌదీ నైరుతి మూల. అమెరికాలో అమ్మేవి చాలావరకు ఇక్కడి బోనుల్లో పొదిగినవే. అయినా కొండ గుణం ఎక్కడికి పోతుంది? గిన్నెలో నీళ్ళు పెట్టి రోజూ మార్చేవాళ్ళం, ఒక్కనాడూ మూతి పెట్టలేదు. నిలవనీళ్ళు దాని కంటికి ఆనవు. ఆకు అంచున వేలాడుతూ మెరిసే బొట్టే దానికి నీళ్ళు. మా అమ్మాయి ఒకరోజు మనీప్లాంటు మీద నీళ్ళు చిలకరిస్తే, ఒక్కో బొట్టూ నాకుతూ పావుగంట సేపు తాగింది. ఎంత ముద్దొస్తోందో అనుకుంటూ వీడియో తీశాం. గొంతెండిపోయి ఉందని తట్టలేదు. రెట్టలో తెల్లగా ఉండాల్సిన ముద్ద అప్పటికే నారింజ రంగుకు తిరిగింది. దాని మేతకు తెచ్చిన కీచురాళ్ళకు మేం క్యారెట్ వేస్తున్నాం కదా, ఆ రంగేలే అనుకున్నాను.

దాని వైభవం కూడా చెప్పుకోవాలి. అడుగు తీసి అడుగు వేసేముందు గాలికి ఊగే ఆకులా ముందుకీ వెనక్కీ ఊగేది. రెండు వేళ్ళు ఇటు, మూడు వేళ్ళు అటు పట్టకారులా చీలిన పాదంతో కొమ్మను పట్టుకునేది. కీచురాయి కనబడగానే అప్పటిదాకా చెరో దిక్కు చూస్తున్న కళ్ళు రెండూ ఒకచోటికి వచ్చేవి. నోరు కాస్త తెరుచుకునేది, నాలుక కొన కొంచెం బయటికి వచ్చి ఆగేది. ఆ తర్వాత మాకేమీ కనబడేది కాదు. టప్పున చిన్న చప్పుడు, నోట్లో పురుగు. ఒంటి పొడవును మించిన నాలుక అది. శనివారం సాయంత్రాలు స్నేహితులు పిల్లలతో వచ్చి సినిమాలా చూసేవాళ్ళు.

కొట్టువాడు అమ్మింది గాజు తొట్టి. నాలుగు వైపులా దాని నీడే దానికి కనబడేది. తన చోట్లోకి ఇంకోటి వచ్చిందనుకుని ఒంటిని బిళ్ళలా పలచన చేసి, నల్లటి చారలు తెచ్చుకుని నిలబడేది. మేం చప్పట్లు కొట్టాం. తలుపు తీస్తే చాలు, చేతి మీదుగా భుజం దాకా పాకేది. మా అమ్మాయి దాన్ని ప్రేమ అనుకుంది, నేనూ కాదనలేదు. ఆ తొట్టిలోంచి బయటపడడానికి దానికి దొరికిన ఒకే కొమ్మ నా చెయ్యి.

నమ్మించి మోసం చేసేవాణ్ణి ఊసరవెల్లి అని తిడతాం మనం. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లుల చర్మాన్ని పరీక్షించి చెప్పిన మాట వేరు. చర్మంలో గ్వానిన్ అనే పదార్థపు సన్నటి స్ఫటికాలు ఉంటాయట. జీవి నిమ్మళంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి, ఒళ్ళు పచ్చగా ఉంటుంది. రెచ్చినప్పుడు ఎడం జరుగుతాయి, పసుపూ ఎరుపూ తేలతాయి. అంటే లోపల ఉన్నదే పైన. రంగి రంగు మాకు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు.

ఏడో నెలలో ఒళ్ళంతా ముదురాకుపచ్చకు తిరిగి, మీద పసుపు చుక్కలు, నీలం చుక్కలు పొడిచాయి. అంత అందంగా అది ఎన్నడూ లేదు. ఫోటోలు తీసి బంధువులందరికీ పంపాం. ఆ వారమే మనీప్లాంటు కుండీలోకి దిగి మట్టి గీకడం మొదలుపెట్టింది. గాజుకు, కార్పెట్‌కు మట్టి. ఆడుకుంటోందని రెండు రోజులు ఊరుకుని, మూడోరోజు నేనే కుండీ తీసి బాల్కనీలో పెట్టాను. మగది లేకున్నా ఈ జాతి ఆడది గుడ్లు కడుతుందని, ఆ చుక్కలు దాని సూచనేనని, గుడ్లు పెట్టాలంటే జానెడు లోతు తడిమట్టి కావాలని నాకు తెలీదు. కుండీ మోసుకెళ్తుంటే అది కొమ్మ మీద నుంచి ఒక కంటితో నన్నే చూసింది.

తర్వాత నాలుక గురి తప్పింది. ఒకసారి, రెండుసార్లు. ముందుకాళ్ళు విల్లులా వంగాయి. పైన బల్బు మాత్రం దివ్యంగా వెలుగుతూనే ఉంది. అందులో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు వెలుగు కంటే ఎంతో ముందే నీరసిస్తాయి. ఆ కిరణాలు లేకపోతే విటమిన్ డి తయారు కాదు, అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటికి పట్టదు. తొమ్మిది నెలలూ ఆ ఒక్క బల్బే.

అప్పటికి మా అమ్మ కనిగిరి పక్క పల్లె నుంచి వచ్చి ఉంది. తొట్టి ఉన్న గది గడప తొక్కేది కాదు. “కొంపలో ఊసరవెల్లి ఏందిరా” అనేది. మా ఊళ్ళో తుమ్మచెట్ల మీద కనబడితే రాళ్ళు వేసినవాణ్ణే నేను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టినా చంపినా నేరమని అప్పుడు మాకెవరు చెప్పారు? ఒక మధ్యాహ్నం అమ్మ గుమ్మం దగ్గరే నిలబడి తొట్టి వైపు చూసింది.

“ఏరా, పట్టపగలు కళ్ళు మూసుకుంది?”

“కునుకు తీస్తోందమ్మా. హాయిగా ఉంది దానికి.”

“కునుకు కాదురా. కొక్కెర తెగులు తగిలిన కోడి ఇట్టనే కూచుంటది.”

నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

బల్లుల్నీ పాముల్నీ చూసే డాక్టరమ్మ ముప్పై మైళ్ళ దూరాన దొరికింది. ఎక్స్‌రేలో ఎముకలు ఉండాల్సిన చోట మసక. కడుపు మాత్రం ద్రాక్షగుత్తిలా గుడ్లతో కిక్కిరిసి ఉంది. ప్రేమకొద్దీ రోజూ మేం తినిపించిన తిండే అన్ని గుడ్లు కట్టిందట. వాటిని బయటికి తోసే కండరానికి కావలసిన కాల్షియం ఒంట్లో లేదు. ఆపరేషన్‌కు తట్టుకోదంది. ఇంజెక్షన్ చేస్తూ తలెత్తకుండానే అడిగింది: “గుడ్లు పెట్టడానికి మట్టి ఎక్కడ పోశారు?”

ఆరోగ్యంగా నిద్రపోయే ఊసరవెల్లి మీద టార్చి వేస్తే లేతగా, పాలిపోయిన చిగురులా మెరుస్తుంది. రెండో రాత్రి వేసి చూశాను. కాఫీపొడి రంగు. తెల్లవారి చూస్తే కొమ్మ మీద లేదు. తొట్టి అడుగున, కుండీ ఉండిన మూలలో ఉంది. వంకరపోయిన ముందుకాళ్ళు రెండూ గాజు మీద చాపి ఉన్నాయి. అక్కడ తవ్వబోయింది.

అమ్మ ఊరికి వెళ్ళిపోయింది. వానలు వెనకబట్టాక ఒక రాత్రి ఫోన్ చేసింది. అక్కడ తెల్లవారింది. “చింతచెట్టు కిందికి ఊసరవెల్లి దిగొచ్చింది. మొదట్లో నేల తవ్వతా ఉంది, చూడండి” అని ఫోను అటు తిప్పింది. దూరంగా మట్టిలో ఏదో కదలడం తప్ప మాకేమీ తెలియలేదు. మా అమ్మాయి నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

“నాయనమ్మా, అటు ఎవర్నీ పోనియ్యొద్దు.”

“పోనియ్యన్లే తల్లీ. గేదెను కూడా అవతల కట్టేశా.”