డాబా కారుట – దాని చరిత్ర

మృగశిర కార్తె వానలు పట్టగానే విజయవాడలోను, కృష్ణా డెల్టా పట్టణాలలోను అనేక ఇళ్ళలో ఒకే దృశ్యం కనబడుతుంది. పైన టైల్సు పరచిన డాబా. క్రింద గది కప్పుకు తడి మచ్చ. ఇంటి యజమాని మేస్త్రిని పిలిపించి, సరిగా ఆ మచ్చకు పైనున్న సందులను సిమెంటుతో పూడ్పిస్తాడు. తరువాతి వానకు మచ్చ మరల వస్తుంది. ఒక్కొక్కప్పుడు రెండు మూరలు జరిగి వస్తుంది. లోపం మేస్త్రి చేతిలో లేదు, వెదకిన చోటులో ఉన్నది. డాబా చరిత్రను పరిశీలిస్తే, నీటిని ఆపే భారం పైకి కనబడే పలక మీద ఎన్నడూ లేదని తెలుస్తుంది.

క్రీ.పూ. మొదటి శతాబ్దంలో రోము వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలోని ఏడవ భాగంలో ఆరుబయటి నేలలను గురించి ప్రత్యేకంగా వ్రాశాడు. క్రిందనున్న కర్ర తడికి ఉబ్బి, ఎండకు ముడుచుకొని, బరువుకు వంగి పైనేలను చెడగొడుతుందని ఆయన గ్రహించాడు. అందుచేత చెక్కలను ఒకదానికొకటి అడ్డంగా రెండు వరుసలు పరచి, వాటిపై సున్నపు కాంక్రీటు దిమ్మిస కొట్టి, పెద్ద పలకలు వేసి, వాటి సందులను నూనెతో కలిపిన సున్నంతో నింపాలని సూచించాడు. వాటం పది అడుగులకు రెండు వ్రేళ్ళు. రోమను అడుగుకు పదహారు వ్రేళ్ళు గనుక ఇది 80కి 1 అవుతుంది. నేడు కూడా డాబాకు ఇంచుమించు ఇంతే వాటం ఇస్తున్నారు.

కృష్ణా మండలం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న రోజులలో మేడలకు, కచేరీలకు వేసిన కప్పును మద్రాసు టెర్రేసు అనేవారు. టేకు దూలాలపై పలుచని ఇటుకలను అంచుమీద నిలబెట్టి, గోడలకు ఏటవాలుగా, సున్నంతో అమర్చేవారు. వాటిపై మూడు, నాలుగు అంగుళాల మందాన ఇటుక కంకర, సున్నము కలిపి పరచి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొట్టేవారు. కొడుతున్నంతసేపు కరక్కాయ ఊరబెట్టిన నీరు, బెల్లపు నీరు చిలకరించేవారు. దిమ్మిస ఎగిరిపడేటంత గట్టిపడిన తరువాతనే పైన పలుచని పెంకు బిళ్ళలను, ఒక వరుస సందు మరొక వరుస సందుపై పడకుండా, రెండు మూడు వరుసలు పరిచేవారు. బిళ్ళ పని ఎండను, కాలిరాపిడిని తట్టుకొనుట. నీటిని ఆపినది అడుగునున్న సున్నపు పొరయు, వాటమును.

ఈ సున్నపు పొరలోని రసాయన ధర్మం గమనింపదగినది. గానుగ పట్టిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి సున్నపురాయిగా మారుతుంది. ఇటుకపొడి, అనగా సుర్ఖీ, కలిపితే అందులోని సిలికా, అల్యూమినా సున్నంతో సంయోగం చెంది తడిలో కూడా గట్టిపడతాయి. వెంట్రుకవాసి పగులు పడితే వాననీరు కొంత సున్నాన్ని కరగించి, ఆ పగులులోనే మరల పేర్చుతుంది. పాత డాబా తన గాయాన్ని కొంతవరకు తానే మాన్పుకొనేది. కృష్ణ ఆనకట్టను 1852–55 మధ్య నిర్మించినప్పుడు ఈ దేశంలో సిమెంటు తయారీ లేదు. నీటి కట్టడాలకు కూడా సున్నపు గారయే ఆధారం.

పోర్ట్‌లాండు సిమెంటుకు ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పేటెంటు పొందాడు. మన దేశంలో 1904లో మద్రాసులో సముద్రపు గవ్వలతో చేసిన ప్రయత్నం నిలువలేదు. 1914లో పోర్‌బందరులో తయారీ స్థిరపడింది. 1936లో ఆంధ్రా సిమెంటు కంపెనీ ఏర్పడి, కృష్ణకు ఆవలి ఒడ్డున తాడేపల్లిలో కర్మాగారం నడిపింది. (అది తరువాత మూతపడింది.) 1952లో పాత ఆనకట్ట తెగిపోగా 1954–57లో ప్రకాశం బ్యారేజి వెలసింది. దూలాల డాబా పోయి శ్లాబు వచ్చింది.

శ్లాబు బలమైనదే గాని బిర్రైనది. పది మీటర్ల కాంక్రీటు 30 డిగ్రీల సెంటిగ్రేడు మార్పుకు దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. ఎండకు కాగిన డాబాపై ఒక్కసారిగా వాన పడితే ఆ లాగుడు ముందుగా పిట్టగోడ మొదట బయటపడుతుంది. డెల్టాలోని నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు బీటలువారుట వలన పునాదులు కదిలి గోడలు కూడా పగులుతాయి. పలకల సందులో దూరిన నీరు పలక క్రిందనే నిలిచి, ఆవిరి కాలేక, శ్లాబుమీద పల్లానికి ప్రాకి, దొరికిన పగులులో దిగుతుంది. మచ్చ ఒకచోట, రంధ్రం మరొకచోట ఉండుటకు కారణమిదే.

కావున పరీక్ష క్రింది నుండి మొదలుపెట్టాలి. వాన లేనప్పుడు కూడా మచ్చ తడిగానే ఉంటే నీటి గొట్టాన్ని అనుమానించాలి. వాన వెలిసిన రెండు రోజులకు కూడా చుక్కలు పడుతుంటే పలకల అడుగున నీరు నిలిచి ఉన్నదన్నమాట. తెల్లని పొడి కాంక్రీటులోని సున్నం కరగి దిగినదానికి గుర్తు. గోధుమరంగు చార మరింత ప్రమాదకరం: లోపలి ఇనుము త్రుప్పు పడుతున్నది. త్రుప్పు ఇనుముకంటె ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది గనుక కప్పు పెచ్చులూడి క్రిందివారిపై పడవచ్చు. తరువాత డాబాను బంకమట్టి గట్లతో భాగాలు చేసి, తూము మూసి, పల్లపు భాగం మొదలుకొని ఒక్కొక్కదానిలో ఒక్కొక్క రోజు నీరు నిలిపితే దొంగ చోటు దొరుకుతుంది. అయిదు సెంటీమీటర్ల నీరు చదరపు మీటరుకు 50 కిలోగ్రాముల బరువు. బలహీనమైన పాత కప్పుపై ఈ పరీక్ష చేయరాదు.

చోటు తెలిసిన పిదప పలకలు ఎత్తవలసిందే. పగులును వెడల్పు చేసి నింపి, వాటం సరిచేసి, నీరు చొరని పొరను పిట్టగోడ మీదికి జానెడు ఎత్తు వరకు తీసుకుపోయి, మూలను గుండ్రంగా తీర్చి, ఆపైన పలకలు పరచి, నడుమ నడుమ సాగే పదార్థంతో నింపిన సందులు విడువాలి.

సున్నపు డాబాలు ఇంకా నిలిచియున్న పాత మేడలకు మాత్రం ఈ చికిత్స పనికిరాదు. వాటిపై సిమెంటు పూత వేస్తే బరువు పెరుగుతుంది, పూత పగులుతుంది, క్రింద చిక్కిన తడి పైకి పోలేక దూలాలలోకి దిగుతుంది. అక్కడ సున్నము, సుర్ఖీతోనే అతుకు వేయాలి. అతుకు వేయుటకు ముందు దూలం గోడలో దూరిన చోట చిన్న సుత్తితో తట్టి చూడాలి. పుచ్చిన కర్ర బోలుగా పలుకుతుంది.