నవంబరు 19: దివిసీమ ఉప్పెన మనకి చెప్పే సంగతి



ప్రతి ఏడాదీ ఈ నివేదికలో పొదుపులు, అంతర్గత అప్పులు, స్త్రీనిధి, బ్యాంకు లింకేజీ లెక్కలు రాస్తుంటాం. ఈసారి చరిత్ర మీద ఒక వ్యాసం ఉండాలన్నారు, ఆ పని నాకు అప్పజెప్పారు. నేను పదో తరగతి వరకే చదివాను. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు అనుకునేదాన్ని. కానీ ట్రైనింగు కోసం కృష్ణా జిల్లా వెళ్ళినప్పుడు నవంబరు 19న అక్కడ చూసిన సంగతి మనసులోంచి పోలేదు. అదే రాస్తున్నాను.

కృష్ణా నది సముద్రంలో కలిసేముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్యన ఉన్న నేలే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అక్కడివే. నేల అరచేయిలాగ చదునుగా ఉంటుంది. మనకి ఎటు చూసినా ఏదో ఒక కొండ కనిపిస్తుంది కదా, అక్కడ ఎక్కడానికి ఒక మెట్ట కూడా కనపడదు. 1977 నవంబరు 19, శనివారం నాడు ఆ నేల మీదకి సముద్రం వచ్చేసింది.

వరదకీ ఉప్పెనకీ తేడా నాకు అక్కడే తెలిసింది. వరద పైనుంచి వస్తుంది. మన శారద అనంతగిరి కొండల్లో పుట్టి, దేవరాపల్లి, చోడవరం వైపు నుంచి అనకాపల్లి మీదుగా సముద్రానికి పోతుంది. పైన వాన పడితే నీరు మన దగ్గరకి రావడానికి కొంత టైము పడుతుంది. ఈలోపు గట్టు మీదకి వెళ్ళి చూసుకోవచ్చు. ఉప్పెన అలా కాదు. తుపాను గాలి సముద్రపు నీటిని ఒడ్డు వైపు తోసుకొస్తుంది. ఒడ్డు దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఆ నీటికి పోవడానికి చోటు దొరక్క పైకి లేస్తుంది. దివిసీమలో అది సుమారు 5 మీటర్లు లేచింది. అంటే మూడు నిలువుల నీరు. ఊళ్ళ మీద పడి మైళ్ళ కొద్దీ లోపలికి పోయింది.

చనిపోయినవాళ్ళు సుమారు పదివేల మందని ప్రభుత్వం లెక్క. అంతకన్నా చాలా ఎక్కువని అక్కడి జనం అంటారు. సొర్లగొంది లాంటి ఊళ్ళలో వందల మంది పోయారు. పశువులైతే లక్షల్లో పోయాయి. పొలాల్లో ఉప్పునీరు నిలబడిపోయింది, తాగడానికి మంచినీళ్ళు లేవు. శవాలు తుమ్మచెట్లకి చిక్కుకుని ఉండేవని అక్కడివాళ్ళు ఇప్పటికీ చెప్తారు. అప్పుడు మంత్రిగా ఉన్న అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావుగారు జనం మధ్యనే ఉండి సహాయం పనులు చూశారట. ఆయన్ని దివిసీమ గాంధీ అని పిలుస్తారు. ఎన్టీ రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు లాంటి సినిమా నటులు కూడా విరాళాలు పోగుచేశారు.

ఏటా ఆ రోజున అక్కడ చనిపోయినవాళ్ళని తలుచుకుంటారు. పులిగడ్డ దగ్గర స్తూపం ఉంది. పూలు వేస్తారు, కాసేపు మౌనంగా నిలబడతారు. మేము వెళ్ళిననాడు నా పక్కన ఒక పెద్దావిడ నిలబడ్డారు. ఆమె కూడా అక్కడి సంఘంలో సభ్యురాలే. "పిన్నిగారూ, అప్పటికి మీకు ఎన్నేళ్ళండీ?" అని అడిగాను.

"పన్నెండేళ్ళమ్మాయ్. నాన్న నన్నూ తమ్ముణ్ణీ తాటిచెట్టుకి కట్టేశాడు. అమ్మని రమ్మంటే, ఇదిగో పెట్టె తీసుకుని వస్తానంది. అందులో మా అక్క పెళ్ళికి దాచిన వెండి గొలుసులు, నాలుగు చీరలూ ఉన్నాయి. ఆ పెట్టె మాత్రం తరువాత దొరికింది."

ఆ మాట చెప్పి ఆవిడ ఊరుకున్నారు. నాకు వేరే ప్రశ్న అడగడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రం మాకు ట్రైనింగు ఇచ్చిన మేడమ్ ఇంకో సంగతి చెప్పారు. 1977కి ముందు ఆ తీరానికి ఇలాంటిది తెలియనిదేం కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీద ఇలాంటి ఉప్పెనే పడి దగ్గర దగ్గర ముప్పైవేల మంది పోయారు. మచిలీపట్నం దివిసీమకి పక్కనే. కానీ మధ్యలో 113 ఏళ్ళు గడిచిపోయాయి. చూసినవాళ్ళు పోయారు, వాళ్ళ మనవలు కూడా పోయారు. తుపాను వస్తోందని రేడియోలో చెప్పినా, చాలామంది గాలీ వానా అనుకున్నారు. తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చుంటే చాలనుకున్నారు. గాలికైతే ఆ పని సరిపోతుంది. నీటికి సరిపోదు. ఆ తేడా చెప్పేవాళ్ళు ఊళ్ళో మిగల్లేదు.

1977ని మాత్రం అలా మర్చిపోనివ్వలేదు. తరువాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న అదే కృష్ణా డెల్టా మీద అంతకు తగ్గని పెద్ద తుపాను పడింది. ఈసారి లక్షల మందిని ముందే ఊళ్ళు ఖాళీ చేయించారు. అయినా సుమారు వెయ్యి మంది పోయారు. వెయ్యి మంది అంటే తక్కువేం కాదు, కానీ పదివేలు కాలేదు. 2014లో మన హుద్‌హుద్ వచ్చేసరికి మన రాష్ట్రంలో పోయినవాళ్ళు వందలోపే.

హుద్‌హుద్ అంటే మనందరికీ గుర్తే. అక్టోబరు 12, ఆదివారం. అప్పటికి మనది ఇంకా విశాఖ జిల్లాయే. గాలి గంటకి 180 కిలోమీటర్ల వరకూ వీచింది. చెరకు పడిపోయింది, జీడిమామిడి, కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి. మా వీధిలో అందరూ ముందురోజు సాయంత్రమే స్కూలుకి వెళ్ళిపోయారు. నేను మాత్రం వెళ్ళలేదు. ఎందుకంటే సంఘం పెట్టె మా ఇంట్లో ఉంది. మినిట్స్ పుస్తకం, పాసు పుస్తకాలు, ఆ నెల పొదుపు డబ్బులు అందులోనే ఉన్నాయి. నేను కొత్తగా లీడరునయ్యాను. పెట్టె పోతే పదిమందికి ఏం చెప్పుకోవాలి అని భయం. తెల్లారేసరికి రేకులు ఒక్కొక్కటీ లేచిపోవడం మొదలైంది. మా ఆయన చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. చంకలో పాప, నెత్తిన పెట్టె. స్కూలు గుమ్మం ఎక్కుతుంటే ఒక రేకు మా వెనకాలే వచ్చి గోడకి తగిలింది.

ఇన్నాళ్ళూ ఈ సంగతి గొప్పగానే చెప్పుకున్నాను. సంఘం పెట్టెని కాపాడానని. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. పులిగడ్డలో ఆ పిన్నిగారి మాట విన్నాక మాత్రం సిగ్గేసింది. ఆవిడ అమ్మ చేసిన పనే నేనూ చేశాను. నాకు నీరు రాలేదు, అంతే తేడా.

ఇది మా ఇద్దరి సంగతే కాదు. బంగ్లాదేశ్‌లో 1991 ఏప్రిల్ 29న వచ్చిన తుపానులో లక్షా ముప్పైవేలకు పైగా చనిపోయారు. వాళ్ళలో మగవాళ్ళకన్నా ఆడవాళ్ళే చాలా ఎక్కువ. కారణాలు వింటే మన ఇళ్ళే గుర్తొస్తాయి. ఇంటాయన వచ్చి చెప్పేవరకూ కదలకపోవడం, పిల్లల్ని, ముసలివాళ్ళని, సామాన్లని చూసుకుంటూ ఉండిపోవడం, చీర కాళ్ళకి చుట్టుకోవడం, ఈత రాకపోవడం. షెల్టరులో మగవాళ్ళ మధ్య ఎలా ఉంటాం అని మొహమాటపడటం కూడా ఒక కారణమే. తరువాత అక్కడ హెచ్చరికలు చెప్పే వలంటీర్లలో ఆడవాళ్ళని ఎక్కువగా చేర్చుకున్నారు. ఆడవాళ్ళు వచ్చి చెప్తే ఆడవాళ్ళు బయటకి వస్తారని.

ఊరికి తిరిగొచ్చాక మా గ్రామ సంఘం మీటింగులో ఇదంతా చెప్పి, ఏటా అక్టోబరు 12న మనమూ ఒక గంట కూర్చుందాం అన్నాను. అందరూ ఒప్పుకోలేదు. ఒక పెద్దప్ప గట్టిగానే అంది, "చెడ్డరోజుని ఎవరైనా తలుచుకుంటారేటే? తలిస్తే మళ్ళీ వస్తాది." ఇంకొకామె, "ఆ గంట కూడా కూలికి పోతే డబ్బులొస్తాయి" అంది. రెండు మాటలకీ నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తరువాత మచిలీపట్నం సంగతి చెప్పాను. తలుచుకోవడం మానేసినా అది 113 ఏళ్ళకి మళ్ళీ వచ్చింది పెద్దప్పా అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. చిన్నప్పుడు శారద పొంగి గట్టు తెగినప్పుడు తన తల్లి బియ్యం కుండ ఎత్తుకుని ఎటువైపు నడిచిందో చెప్పడం మొదలెట్టింది. ఏ దారిలో నీరు ముందొచ్చింది, ఏ మెట్ట మునగలేదు, అన్నీ చెప్పింది. మా సీసీ మేడమ్ అదంతా మినిట్స్ పుస్తకంలో రాయించారు. ఆ మెట్ట సంగతి మాలో చిన్నవాళ్ళకి ఎవరికీ తెలీదు.

ఆ రోజు తీర్మానం చేసుకున్నవి ఇవి. ఏటా అక్టోబరు 12కి దగ్గరగా వచ్చే మీటింగులో ఒక గంట దీనికే. గర్భిణులు, బాలింతలు, మంచం మీద ఉన్న పెద్దవాళ్ళు ఏ ఇంట్లో ఉన్నారో రాసుకుని, ఒక్కొక్కరికి ఒక సభ్యురాలిని అప్పజెప్పాలి. ఆధారు, పాసు పుస్తకం, పట్టా కాగితాలు ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని గుమ్మం దగ్గర ఉంచుకోవాలి. పొదుపు డబ్బు ఇంట్లో ఉంచకుండా వెంటనే బ్యాంకులో కట్టెయ్యాలి. హెచ్చరిక వస్తే ఇంటాయన కోసం చూడకుండా పిల్లల్తో బయలుదేరిపోవాలి. ఆఖరిది నేను అడిగి రాయించాను: సంఘం పెట్టె కోసం ఏ లీడరూ ఇంట్లో ఉండిపోకూడదు. పెట్టె పోతే లెక్కలు మళ్ళీ రాసుకుందాం, అందరం సంతకాలు పెడదాం.

పెద్దప్ప వేలిముద్ర అందరికన్నా ముందు వేసింది. మిగతా గ్రామ సంఘాలు కూడా ఈ తీర్మానం చదివి, మీ ఊరి పెద్దవాళ్ళని అడిగి, మీ మినిట్స్ పుస్తకంలో మీ మెట్ట ఎక్కడుందో రాసుకోవాలని కోరుకుంటున్నాను.

ఇట్లు,
మీ సోదరి, ఒక సంఘం లీడరు