హాజరుపట్టీలో సాయిబుల పిల్లలు

'సాయిబుల పిల్లలకు చదువబ్బదు' అనే మాట మన ఊళ్లలో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు. స్టాఫ్‌రూములో టీ తాగుతూ అంటారు. రచ్చబండ మీద అంటారు. మనవాళ్లు కూడా నిట్టూరుస్తూ అంటారు. మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, పంక్చర్ షాపు - మన పిల్లల బతుకుల్ని ఈ మూడింటితో తేల్చేస్తారు. కాస్త చదువుకున్నవాళ్లయితే దానికో అంకె జోడిస్తారు. అంకె తోడయ్యాక అది నిందలా వినిపించదు, నిజంలా వినిపిస్తుంది. ఆ అంకె ఎవరు అడిగితే పుట్టింది, ఏ ఫారంలో ఏ గడిలో పుట్టింది అని మాత్రం ఎవరూ అడగరు. మనమైనా అడగాలి. ఎందుకంటే ఆ గడికి రెండు వందల ఏళ్ల చరిత్ర ఉంది.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లందరికీ ఒక పని అప్పజెప్పాడు. మీ జిల్లాలో బళ్లెన్ని, చదివేవాళ్లెందరు, వాళ్లెవరెవరు - లెక్క పంపమన్నాడు. నింపడానికి ఒక ఫారం కూడా పంపించారు. అందులో హిందువులకు నాలుగు గళ్లు: బ్రాహ్మణులు, వైశ్యులు, శూద్రులు, తక్కిన కులాలన్నీ. ముసల్మాన్లకు ఒకటే గడి. హిందువుల్ని కులాలుగా, మనల్ని ఒకే ముద్దగా చూసే చూపు అక్కడే కాగితం మీదికొచ్చింది. సయ్యదు, షేక్, దూదేకుల, ఫకీరు అందరూ ఆ ఒక్క గడిలోనే సర్దుకోవాలి.

బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబిచ్చాడు. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడా కలిసే ఉండేది. 533 బళ్లు, 6,641 మంది విద్యార్థులు. అందులో హిందువులు 6,398. ముసల్మాన్లు 243. మొత్తం మీద ఆడపిల్లలు 60 మంది, అందరూ హిందువులే. ముస్లిం ఆడపిల్లల లెక్క సున్న. ఇక భాషలు చూడండి: కన్నడ బళ్లు 235, తెలుగు బళ్లు 226, మరాఠీ 23, పారశీకం 21.

ఆ సున్నకు అర్థమేమిటి? బళ్లారి సీమలో ఒక్క ముస్లిం ఆడపిల్లకూ అక్షరం రాదనా, లేక ఏ ఆడపిల్లా కలెక్టరు బడి అనుకున్న చోటికి రాలేదనా? ఫారం రెండో సంగతే చెప్పగలదు. ఇంట్లో నానమ్మ దగ్గరో, మసీదు అరుగు మీదో ఖురాన్ నేర్చుకున్న పిల్లకు అందులో చోటు లేదు. ఇంటి చదువు అనే గడే లేదు కాబట్టి. ఈ లోపం మన్రోకూ తెలుసు. 1826 మార్చిలో లెక్కలన్నీ కలిపి రాసినప్పుడు, మద్రాసు నగరంలో ఇళ్లలో చదువుకునేవాళ్లు బడుల్లో చదివేవాళ్లకు అయిదు రెట్లున్నట్టు వచ్చిన అంకెను ఆయన ప్రస్తావించాడు. అందులో పొరపాటు ఉండొచ్చని అనుమానపడుతూనే, ఇంటి చదువును లెక్కలోకి తీసుకోకపోతే అసలు పరిస్థితి తెలియదని ఒప్పుకున్నాడు. లెక్క అడిగినవాడికే దాని హద్దులు తెలుసు. తరవాత దాన్ని వల్లించినవాళ్లకు తెలియదు.

యాభై ఏళ్లు గడిచాయి. 1871లో రెండు సంగతులు జరిగాయి. బెంగాల్ సివిల్ సర్వీసు ఉద్యోగి డబ్ల్యు.డబ్ల్యు. హంటర్ భారతీయ ముసల్మాన్ల మీద పుస్తకం వేశాడు. తాను చెప్పేది కింది బెంగాలుకే వర్తిస్తుందని అందులో ఆయనే అన్నాడు. కానీ పుస్తకం పేరులో బెంగాలు లేదు. చదివినవాళ్లు దేశంలోని ముసల్మాన్లందరి కథగా చదువుకున్నారు. ఇంకా చదువుకుంటూనే ఉన్నారు. అదే ఏడాది ఆగస్టులో వైస్రాయి మేయో ప్రభుత్వం ముస్లింల చదువు గురించి ఒక తీర్మానం చేసి, మీ దగ్గర పరిస్థితి ఏమిటని రాష్ట్ర ప్రభుత్వాలను అడిగింది.

జవాబుగా వచ్చిన అంకెలు హంటర్ చెప్పిన కథకు ఒదగలేదు. బెంగాల్లో మన జనాభా నూటికి 32 ఉంటే బళ్లలో 14 మందే. అది నిజమే. కానీ అవధ్‌లో జనాభా నూటికి 10 మంది, బళ్లలో 25 మంది. వాయవ్య రాష్ట్రాల్లో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లో మిగతా భాగంలో కూడా, జనాభాలో కన్నా బళ్లలోనే మన వాటా ఎక్కువ. మతం అదే, ఖురాన్ అదే, నమాజ్ అదే. మరి ఒకచోట పిల్లలు బడి నిండా ఉండి, ఇంకోచోట బడి బయట ఎందుకున్నారు? చదువబ్బకపోవడం మతంలోనే ఉంటే అవధ్‌లో ఎలా అబ్బింది? ఈ ఒక్క పట్టిక చాలు, ఆ నానుడి కూలిపోవడానికి. కానీ జనం నోట మిగిలింది బెంగాల్ అంకె. అవధ్ అంకె ఫైల్లో ఉండిపోయింది.

మద్రాసు రాష్ట్రంలో ఏం జరిగిందో మనం ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. జనాభాలో మనం నూటికి 6. బళ్లలో 4.4. సుమారు 5,500 మంది పిల్లలు. 1872లో మద్రాసు ప్రభుత్వం ఈ అంకె చూసి అన్న మాట, అంతకు ముందుగానీ ఆ తరవాతగానీ ఏ ప్రభుత్వమూ అంత సూటిగా అనలేదేమో. ఇప్పుడున్న చదువు ఏర్పాటంతా హిందూ విద్యార్థుల అవసరాలే చూసి తయారైందనీ, ఇలాంటి బళ్లలో ముస్లిం పిల్లలు తక్కువగా ఉండటం వింత కాదు, ఆ కొద్దిమందైనా ఉండటమే వింత అనీ దాని భావం. చూడండి, అంకె అదే. కానీ వేలు పిల్లవాడి వైపు కాకుండా బడి వైపు తిరిగింది.

మాటతో ఆగలేదు. ఆర్కాటులో, ఏలూరులో ప్రాథమిక పాఠశాలలు పెట్టమన్నారు. కడప, కర్నూలు, తిరుచిరాపల్లి వంటి ముస్లింలు ఎక్కువున్న పట్టణాల్లో ఉన్న బళ్లలోనే హిందుస్తానీలో చెప్పే తరగతులు తెరవమన్నారు. 1880-81 నాటికి బళ్లలో మన పిల్లలు 22 వేలు. మొత్తంలో నూటికి 6.7. జనాభాలో మన వాటాను దాటేశారు. పదేళ్లలో మతం మారలేదు, 'మౌల్వీల ఛాందసం' మారలేదు. మారింది బడి.

ఈ కథలోనే ఇంకో ముడి కూడా పడింది. ముస్లిం అంటే హిందుస్తానీ అన్నారు. కర్నూల్లో, కడపలో అది చాలామందికి నిజమే. కానీ తెలుగులోనే కలలు కనే, తెలుగులోనే తిట్టుకునే దూదేకుల ఇంటి పిల్లకు హిందుస్తానీ తరగతి ఏం చేస్తుంది? ఆమె ఆ తరగతికి వెళ్లదు. మామూలు తరగతిలోనేమో ఆమెను ఎవరూ అనుకోలేదు. ఆ ముడి ఇవాళ్టికీ వీడలేదు.

1882లో విద్యా కమిషన్ వేసి దానికి హంటర్‌నే అధ్యక్షుడిని చేశారు. ముస్లింల చదువు గురించి ఆ కమిషన్ చేసిన సిఫార్సుల్లో ఒకటి: ఏటా వెలువడే విద్యాశాఖ నివేదికలో ముస్లింల చదువుకు ప్రత్యేక విభాగం ఉండాలి. మంచి ఉద్దేశమే. దానివల్ల స్కాలర్‌షిప్పులొచ్చాయి, ఫీజు రాయితీలొచ్చాయి. కానీ ఏటా ఒక వేరు పేజీలో, ఈ ఏడు ముస్లింలు ఎంత ముందుకొచ్చారు, ఎంత వెనకబడ్డారు అని రాయడం మొదలయ్యాక, 1872 నాటి చూపు మెల్లగా పక్కకు జరిగింది. పరీక్ష రాసేది బడి కాదు, జాతి అయిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ పేజీ చిరిగిపోయింది. దేశ విభజన గాయం పచ్చిగా ఉన్న రోజుల్లో, మతం పేరుతో పిల్లల్ని లెక్కపెట్టడం మళ్లీ విడదీయడమే అనుకున్నారు. ఆ భయాన్ని తీసిపారేయలేం. బడి లెక్కల్లో షెడ్యూల్డు కులాలు, తెగలు విడిగా వచ్చాయి. అది వాళ్లు పోరాడి సాధించుకున్న హక్కు. మనం 'ఇతరులు'లో కలిసిపోయాం. అలా కలిపింది సమానత్వం కోసమే అయినా, ఫలితం మాత్రం చీకటి. మనం ఎక్కడున్నామో చెప్పే అంకె లేదు; మన గురించి ఎవరేమన్నా కాదనే అంకె కూడా లేదు. మదర్సా తప్ప వీళ్లకేం తెలియదు అంటే ఏం చూపించి కాదంటాం? గోపాల్ సింగ్ కమిటీ 1983లో ముస్లింలు చదువులో వెనకబడి ఉన్నారని చెప్పింది. ఆ నివేదికను ఎందరు చదివారు?

2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక ఇచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది బడి మొహమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారు. అదే నివేదిక ఇంకో సంగతి చెప్పింది: చదువుకునే ముస్లిం పిల్లల్లో మదర్సాలకు వెళ్లేది నూటికి ముగ్గురు నలుగురే. మిగతావాళ్లంతా అందరూ వెళ్లే బడికే వెళ్తున్నారు. మొదటి అంకె పత్రికల నిండా వచ్చింది. రెండోది చాలామందికి నేటికీ తెలియదు.

సచార్ తరవాత బడి లెక్కల ఫారంలోకి ముస్లిం గడి తిరిగొచ్చింది. సెప్టెంబరు 30 నాటికి బడిలో ఉన్న పిల్లల్ని హెడ్మాస్టరు లెక్కగట్టి ఫారం నింపితే, అది మండలానికి, జిల్లాకు, అక్కణ్నుంచి ఢిల్లీకి వెళ్తుంది. దాన్నే డైస్ లెక్క అనేవారు. 2006-07లో ప్రాథమిక తరగతుల్లో మన పిల్లలు నూటికి 9 కొంచెం పైన తేలారు. 2009-10కి 13 దాటారు. మూడేళ్లలో అంతమంది పిల్లలు బడుల్లోకి దూకారా? కొందరు చేరే ఉంటారు. కానీ అంతకన్నా, హెడ్మాస్టర్లకు ఆ గడి నింపడం అలవాటైందనుకోవడమే సబబు. మొదటేడు అంకె చూసి తీర్పు చెప్పినవాళ్లు పిల్లల వెనకబాటును కాదు, ఫారం వెనకబాటును చదివారు.

ఆ ఫారంలో మతం ఒక పట్టిక, కులం ఇంకో పట్టిక. రెండూ కలవవు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకుల, నూర్‌బాష్‌లు బి.సి.-బిలో ఉన్నారు. మెహతర్లు బి.సి.-ఎలో. 2007 చట్టంతో షేక్, ఫకీరు, ఖురేషి, అత్తరు సాయిబు, అచ్చుకట్లవాండ్లు, గారడి వంటి 14 సమూహాలు బి.సి.-ఇగా వచ్చాయి. మన్రో ఫారం కుక్కిన ఒక్క గడిని మన రాష్ట్రం రెండు శతాబ్దాలకు విప్పింది. కానీ బడి లెక్కలో ఈ పిల్లలెవరెవరు ఏ తరగతి దాకా వస్తున్నారో చూడాలంటే కుదరదు. ఇది పండితుల చర్చ కాదు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ 4 శాతం రిజర్వేషన్ను కొట్టేసినప్పుడు, వెనకబాటును తేల్చడానికి సేకరించిన సమాచారాన్నీ, సేకరించిన పద్ధతినీ కూడా తప్పుపట్టింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇవ్వబట్టి ఆ సీట్లు నిలిచాయి. అప్పటినుంచి ఎందరు పిల్లలు ఆ ఉత్తర్వు మీద డాక్టర్లయ్యారో, టీచర్లయ్యారో! సరైన లెక్క లేకపోతే పోయేది అలాంటి సీటు.

ఇప్పుడు లెక్క ఇంకా మారింది. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో ఒక్కో పిల్లవాడి పేరుతో ఒక్కో రికార్డు. 2023-24లో దేశంలో 24.8 కోట్ల మంది పిల్లలుంటే, అందులో ముస్లింలు నూటికి 16 మందికి దగ్గర. అంటే మన పిల్లలు బడికి వస్తున్నారు. కానీ 2020-21 ఉన్నత విద్య సర్వేలో మనవాళ్లు నూటికి 4.6 మాత్రమే, అంతకు ముందేడు 21 లక్షలున్నవాళ్లు 19 లక్షల చిల్లరకు పడిపోయారు. బడి గుమ్మానికీ కాలేజీ గుమ్మానికీ మధ్య ఎక్కడ జారిపోతున్నారు? పిల్లలకు నిజంగా ఏం వచ్చో చూసే జాతీయ సాధన సర్వే 2017లోనూ 2021లోనూ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, జనరల్ అని ఫలితాలు విడగొట్టింది. ముస్లిం అనే మాట లేదు. పదో తరగతి ఫలితాల్లో ఉర్దూ మీడియం ఉత్తీర్ణత చూసి అదే మన చదువు అనుకుంటారు. తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లలు ఆ అంకెలో లేనే లేరు. ఉర్దూ మీడియం పిల్లలు తప్పితే అది వాళ్ల తెలివి మీదికి పోతుంది. ఆ మీడియంలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వయిన టీచరు పోస్టులు ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరక్క ఏళ్లతరబడి ఖాళీగా ఉండిపోవడం ఆ అంకె పక్కన ఎవరూ వేయరు. ఇందులో దళితుల తప్పేమీ లేదు. దారి వెతకని ప్రభుత్వానిదే తప్పు.

పేరు పేరునా పిల్లల మతం కంప్యూటర్లో ఉండటం చూస్తే, ఈ కాలంలో మనకు భయం వేయడం సహజం. ఊరేగింపు రోజున ఇళ్ల జాబితాలు ఎందుకు పనికొస్తాయో తెలిసిన జాతి మనది. అందుకని లెక్కే వద్దనడం మాత్రం 1947 తరవాతి చీకట్లోకి తిరిగి వెళ్లడమే. అడగాల్సింది రెండూ కలిపి అడగాలి. పిల్లవాడి పేరు బయటికి పోకూడదు. బడి లెక్క దాచకూడదు. మతం, కులం, మీడియం కలిపి చూపే ఫలితాలు కావాలి. ఆ పక్కనే ఆ బడిలో ఎన్ని టీచరు పోస్టులు ఖాళీగా ఉన్నాయో, ఆడపిల్ల ఏడో తరగతి అయ్యాక హైస్కూలుకు ఎంత దూరం నడవాలో కూడా ఉండాలి.

1872లో ఒక పరాయి ప్రభుత్వం ఆ అంకెను బడి మీద పెట్టి చదివింది. మనం ఓటేసి తెచ్చుకున్న ప్రభుత్వాన్ని అంతకన్నా తక్కువ ఎందుకు అడగాలి?