నిరంతర సమగ్ర మూల్యాంకనం

నిరంతర సమగ్ర మూల్యాంకనం (సి.సి.ఇ.) అనగా విద్యార్థి అభ్యసనాన్ని సంవత్సరాంతమున జరిగే ఒకే పరీక్షతో గాక, విద్యాసంవత్సరం పొడవునా పరిశీలించి అంచనా వేసే పద్ధతి. బోధనతోపాటే పరిశీలన సాగవలెనని "నిరంతర" అను పదము, పాఠ్యవిషయాలతోపాటు ఆటలు, కళలు, విలువలు కూడా లెక్కలోకి రావలెనని "సమగ్ర" అను పదము సూచిస్తాయి. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పదవ తరగతి పరీక్షలలో ఈ పద్ధతి ఎక్కువ చర్చకు గురియైనది.

నేపథ్యం

1986 నాటి జాతీయ విద్యా విధానం పరీక్షల సంస్కరణలో భాగంగా ఈ పద్ధతిని సిఫారసు చేసింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దీనిని 29వ సెక్షన్‌లో పేర్కొన్నది. అయితే ఆ చట్టం ఎనిమిదవ తరగతి వరకే వర్తిస్తుంది. ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో 2011 నాటి రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధిపత్రాన్ని అనుసరించి పాఠ్యపుస్తకాలను మార్చి, ఉన్నత తరగతులకు కూడా ఈ పద్ధతిని విస్తరించారు.

మూల్యాంకన విధానం

ఇందులో రెండు భాగాలున్నాయి. బోధన జరుగుతుండగా ఉపాధ్యాయుడు చేసేది నిర్మాణాత్మక మూల్యాంకనం. కొంత పాఠ్యభాగం ముగిసిన పిదప రాతపరీక్షగా జరిగేది సంగ్రహణాత్మక మూల్యాంకనం. ఉన్నత తరగతులలో నిర్మాణాత్మక మూల్యాంకనానికి నిర్ణయించిన 20 మార్కులు ఈ విధంగా ఉన్నాయి:

* తరగతిలో భాగస్వామ్యం, ప్రతిస్పందనలు - 5
* రాత పనులు - 5
* ప్రాజెక్టు పని - 5
* లఘు పరీక్ష - 5

పదవ తరగతిలో అమలు

తెలంగాణలో 2014-15 నుండి ప్రతి విషయానికి పబ్లిక్ పరీక్షకు 80, అంతర్గత మూల్యాంకనానికి 20 మార్కులు కేటాయించారు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇదే పద్ధతి 2016-17లో వచ్చి, 2019లో రద్దయినది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో అంతర్గత మార్కుల రద్దుకు ఉత్తర్వు ఇచ్చి, వెంటనే 2024-25కు పాత పద్ధతినే కొనసాగించింది. కేంద్ర మాధ్యమిక విద్యామండలి (సి.బి.ఎస్.ఇ.) 2009-10లో ప్రవేశపెట్టిన సి.సి.ఇ.ని 2017లో విరమించి, 2018 నుండి పదవ తరగతి బోర్డు పరీక్షను తిరిగి తప్పనిసరి చేసింది.

విమర్శలు

అంతర్గత మార్కులు వేసేది విద్యార్థి చదివే పాఠశాలయే. ఉత్తీర్ణతా శాతము, ర్యాంకుల పోటీ వలన కొన్ని పాఠశాలలు దాదాపు అందరికీ పూర్తి మార్కులు వేస్తున్నాయనీ, నిజాయితీగా వేసిన పాఠశాలల విద్యార్థులు నష్టపోతున్నారనీ ప్రధాన విమర్శ. ప్రాజెక్టులను గైడ్ల నుండి ఎత్తి వ్రాయడం, రికార్డుల పని వలన బోధనాకాలం తగ్గడం ఇతర లోపాలు. మరొక ప్రక్క, ఒక్క రోజు అనారోగ్యం ఏడాది శ్రమను వృథా చేయకుండా ఈ పద్ధతి కాపాడుతుందని సమర్థకుల వాదన.

కోవిడ్ కాలం

2020, 2021లలో రెండు రాష్ట్రాలలోనూ పబ్లిక్ పరీక్షలు రద్దయినవి. తెలంగాణలో నిర్మాణాత్మక మూల్యాంకనపు 20 మార్కులనే నూటికి లెక్కగట్టి గ్రేడులు ఇచ్చారు. అంతర్గత మార్కులను అప్పటికే తొలగించిన ఆంధ్ర ప్రదేశ్ సైతం చివరకు పాఠశాల స్థాయి పరీక్షల మార్కులనే ఆధారం చేసుకొన్నది. నమ్మదగినవి కావని విమర్శలకు గురియైన మార్కులే ఆ రెండేళ్ళు లక్షలాది విద్యార్థుల పై చదువులకు ఆధారమైనవి. ఈ పద్ధతి విజయము ఉపాధ్యాయుని మార్కుల విశ్వసనీయతపైననే ఆధారపడి ఉన్నదని ఈ అనుభవం స్పష్టం చేసినది.